మూడో వరుసలో తెల్లాకు

నమోదు 211, సోమవారం

ఉష్ణోగ్రత మామూలే. తేమ మామూలే. కోసిన ఆకు నిన్నటికంటే ఒక పిడికెడు తక్కువ.

ఇంతవరకే రాయమని తిండి కమిటీ పెద్ద రంగనాయకులు గారు నాకు ఇప్పటికి రెండుసార్లు చెప్పారు. "సువర్చల గారూ, తోట లాగ్ అంటే తోట గురించండీ. అందులో మీ మోకాళ్ళ నొప్పులూ, పక్కగది వాళ్ళ గొడవలూ ఎందుకు?" అన్నారు. ఆయన అన్నది నిజమే. కానీ రోజంతా నేను మాట్లాడేది తేయాకు చెట్లతో, అవేమో తిరిగి జవాబు చెప్పవు. అందుకని ఇక్కడ రాస్తాను. ఆయన చదవకపోతే ఆయనకే నష్టం.

పొద్దున మరచేత్తో అద్దాలు తుడిపించాను. చందమామ మీద దుమ్ముకి సిగ్గూ శరం ఉండదు, తుడిచిన చోటికే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మేముండే పెద్ద గొయ్యి అంచు మీద నిలబెట్టిన ఆ అద్దాలే ఎండని పట్టి, గొట్టంలోంచి కిందికి దించి, నా తోట గాజు కప్పు మీద పోస్తాయి. మా ఊరు పైవలస మొత్తానికీ బల్బుల వెలుతురే. అసలు సిసలు ఎండ పడేది ఒక్క నా తేయాకు మీద. ఆ సంగతి నలుగురిలో అవసరం ఉన్నా లేకపోయినా ఎత్తుతుంటాను.

తర్వాత కోతకి దిగాం. కోసేది పోలమ్మ పిన్నీ, ఆమె జట్టు ఆడవాళ్ళూ. పిన్నిది విజయనగరం వైపు. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటినా నాలుక మాత్రం అక్కడే ఉండిపోయింది. తోట తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్లోనే ఉంటుంది.

"ఇదేటమ్మా, మూడో వరసకి పాండురోగమొచ్చినాది?" అంది పిన్ని, ఒక చిగురు తుంపి చూపిస్తూ.

రెండాకులూ ఒక మొగ్గా. మూడూ తెల్లగా ఉన్నాయి. ఎండి తెల్లబడటం కాదు, శుభ్రంగా, బలంగా, పాల మీగడ రంగులో ఉన్నాయి. ఈనెలు మాత్రం సన్నగా ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. నాకు ముచ్చటేసింది. ముచ్చట పడకూడదని తర్వాత గుర్తొచ్చింది.

నమోదు 213, బుధవారం

ఉష్ణోగ్రత మామూలే. ఆకు రెండు పిడికెళ్ళు తక్కువ.

తెలుపు నాలుగో వరుసకి పాకింది.

ఎరువు నీళ్ళు చూశాను, బాగానే ఉన్నాయి. అద్దాలు మళ్ళీ తుడిపించాను. పురుగు కోసం భూతద్దం పెట్టి ఆకు ఆకూ తిరగేశాను. చందమామ మీద పురుగు కనబడితే పట్టుకుని దండేసేదాన్ని, ఇక్కడ చీమకి కూడా దిక్కులేదు. ఇక మిగిలింది మనుషులే. కాబట్టి పోలమ్మ పిన్ని మీద పడ్డాను.

"పిన్నీ, చెట్లకి బియ్యం కడుగు పోస్తున్నావు కదూ?"

"ఎప్పుడో కూసింత పోసినాను. బలవని పోసినాను. నాను పోసింది ఒకటో వరసకి. సూడు, ఎంత పచ్చగున్నాదో!"

నిజంగానే ఒకటో వరుస నిగనిగలాడుతోంది. అయినా తగ్గకుండా నాలుగు మాటలన్నాను. నాకు అదో జబ్బు, తప్పు నాదని తెలిశాక గొంతు ఇంకా పెరుగుతుంది. పిన్ని బుట్ట దించి, మూతి మూడు వంకర్లు తిప్పి, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. టీ గంట కొట్టాక మాత్రం నా గ్లాసు నింపి ఠపీమని ముందు పెట్టి వెళ్ళింది.

ఆ టీ గంట గురించి రాయాలి. పైవలసలో గనివాళ్ళు నిద్రలేచే వేళకి వంటవాళ్ళు పడుకుంటారు. గాలి యంత్రాల వాళ్ళు ఎప్పుడు పడుకుంటారో వాళ్ళ పెళ్ళాలకే తెలియదు. సాయంత్రం గంట కొట్టినప్పుడు మాత్రం అందరూ హాల్లోకి వస్తారు. తలా ఒక చిన్న గ్లాసు. అది తాగుతూ ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. ఊరు అని పిలవడానికి పైవలసలో నాకు కనిపించేది ఆ ఒక్క పూటే.

నమోదు 215, శుక్రవారం

ఆకు బరువు రాయబుద్ధి కావడం లేదు.

రంగనాయకులు గారు వచ్చారు. చెట్ల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. ఆయన పంచె కుచ్చిళ్ళు ఎప్పుడూ కత్తిలా ఉంటాయి, మాట కూడా అంతే.

"పెద్ద కేంద్రానికి కబురు పెట్టానండీ. మొక్కల డాక్టరు బుధవారం షటిల్‌కి వస్తోంది. తెగులు అని తేలితే మొత్తం పీకేయాలి. పక్క గదిలో వరి ఉంది, దానికి అంటుకుంటే ఊరు పస్తుంటుంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇక్కడ చిక్కుడు వేద్దామని కమిటీలో కొందరంటున్నారు. చిక్కుడైతే కడుపు నిండుతుంది కదా."

ఆయన చెడ్డవాడు కాదు. అదే నా ఏడుపు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేదాన్ని.

ఈ చెట్లని గింజ దశ నుంచి పెంచాను. మొదటి ఏడు మొలిచినవి నాలుగే. వాటి కొమ్మలు తుంచి, వేళ్ళు పోయించి, ఇంత తోట చేశాను. నీకు పిల్లల్లేరు కదా అని ఎవరైనా జాలిపడితే, లెక్క సరిగ్గా చూసుకోమంటాను. వీటిని పీకి ఎరువు గొయ్యిలో వేస్తారన్న మాట వినగానే నాకు భయమేసింది.

నమోదు 217, ఆదివారం

సెలవు రోజు. నాకు లేదు.

నిన్నా ఇవాళా ప్రయోగశాలలో కూర్చున్నాను. వైరస్ లేదు. బూజు లేదు. జన్యువుల్లో మార్పేమీ లేదు. ఆకుని ఆకుపచ్చగా ఉంచే ప్రోటీన్లు తెల్లాకులో కరువైపోయాయేమోనని చూశాను. ఉన్నాయి, ఒక్కటి కూడా తక్కువ కాలేదు. మరి పని ఎందుకు చెయ్యడం లేదు?

ఇంకొంచెం తవ్వితే అసలు విషయం దొరికింది. ప్రోటీన్ పుట్టగానే పనిలోకి దిగదు. దానికి ఒక చిన్న ఫాస్ఫేట్ ముక్క అతుక్కోవాలి. మన గనివాళ్ళు మెడలో బ్యాడ్జీ లేకపోతే గేటు దాటలేరు కదా, అలాగన్నమాట. పచ్చాకులో అందరికీ బ్యాడ్జీలున్నాయి. తెల్లాకులో మనుషులంతా వచ్చారు, బ్యాడ్జీలు మాత్రం లేవు, గేటు బయట గుంపుగా నిలబడిపోయారు. ఆ బ్యాడ్జీలు పంచే ఎంజైము ఒకటుంటుంది. అది మొద్దుబారింది. నా తేయాకు రకంలో అది మొద్దుబారేది ఒకే ఒక్క కారణానికి. చలికి.

చలి! తలుపు పక్కనున్న మీటరు పొద్దస్తమానం మామూలే, మామూలే అంటోంది. నేనూ దాన్ని చూసి మామూలే, మామూలే అని ఇక్కడ రాస్తున్నాను.

ఇంకో మాట. పరీక్షకి మిగిలిన తెల్లాకు కాస్త వేయించి టీ కాచాను. వగరు లేదు. పాలకంకి కొరికినట్టు లేత తీపి. ఇంత మంచి టీ నా జన్మలో తాగలేదు, అంతలోనే గుండె బరువెక్కింది. ఆకు తెల్లగా ఉంటే చెట్టు తన తిండి తాను వండుకోలేదు. తాగేవాడికి పండగ, చెట్టుకి పస్తు. వరుస మొత్తం ఇలాగే ఉండిపోతే చెట్లు నీరసించి పోతాయి, పీకడానికి ఎవరూ రానక్కర్లేదు.

నమోదు 218, సోమవారం

ఆసుపత్రి నుంచి జ్వరం చూసే థర్మామీటర్ ఒకటి అడిగి తెచ్చాను. "ఎవరికి జ్వరం?" అంది నర్సు. "చెట్టుకి" అన్నాను. పాపం, చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఆ థర్మామీటర్ దానంతటదే గంట గంటకీ గుర్తుపెట్టుకునే రకం. మూడో వరుస నడుమ కొమ్మకి కట్టాను.

సాయంత్రం విప్పి చూశాను. పొద్దున అంతా వెచ్చగానే ఉంది. మధ్యాహ్నం భోజనాలవగానే దభీమని పడింది. సాయంత్రం టీ గంట కొట్టే ముందు మళ్ళీ పైకి లేచింది.

మధ్యాహ్నాలు నేను తోటలో ఉండను. కోసిన ఆకు వాడబెట్టుకోవాలి, నలపాలి, వేయించాలి, అదంతా నలుపుడు గదిలో. అప్పుడు తోట తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఎవరి బొడ్లో ఉంటుందో పైన రాశాను.

నమోదు 219, మంగళవారం

రేపు డాక్టరు వస్తుంది.

భోజనాలయ్యాక నలుపుడు గదికి వెళ్ళినట్టే వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చాను. తోట తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను.

ముందు తగిలింది చల్లగాలి. మా తాతగారింట్లో ఎండాకాలం కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లేవారు. వీధిలోంచి లోపలికి రాగానే చెంపకి తగిలే ఆ చల్లదనం. అది ఇక్కడ, చందమామ మీద, నా తోటలో తగిలింది. తల ఎత్తి చూశాను.

మూడో వరుస మీదా నాలుగో వరుస మీదా ఈ కొస నుంచి ఆ కొసకి దండేలు. వాటి మీద చీరలు, లుంగీలు, దుప్పట్లు, చంటిపిల్లల గుడ్డలు, గనివాళ్ళ బనీన్లు. నీళ్ళు ఓడుతున్నాయి. ఫ్యాన్లన్నీ జోరుగా తిరుగుతున్నాయి. పోలమ్మ పిన్ని పొడుగు కర్రతో ఒక తడి చీరని దండెం మీదికి ఎగదోస్తోంది.

"పిన్నీ!"

కర్ర కింద పడింది. చీర నా నెత్తిన పడింది.

తడి చీర కిందనుంచే అరిచాను. ఏమరిచానో రాయను, రంగనాయకులు గారు చదువుతారు. పిన్ని చీర నా మీంచి తీసి, పిండి, మళ్ళీ దండెం మీద వేశాకే జవాబు చెప్పింది.

"డ్రయ్యర్లో ఏసిన గుడ్డ ఉడికిపోయిన తోటకూర నాగ అవుతాదమ్మా. తడి పోతాది గానీ ఆరదు. ఎండ తగిల్తేనే గుడ్డ ఆరినట్టు. ఈ ఊర్లో ఎండ ఎక్కడున్నాది? నీ కాడే కదా ఉన్నాది!"

"నాకు చెప్పొచ్చుగా?"

"సెప్తే నీకు తెలిసిపోద్ది కదా" అంది, అదేదో పెద్ద కారణమైనట్టు. అది పెద్ద కారణమే. పైవలసలో తడిబట్ట డ్రయ్యర్లోనే ఆరాలి, ఆ ఆవిరి మళ్ళీ నీళ్ళయి తొట్టిలోకి పోవాలి. ఇంకెక్కడ ఆరేసినా నీటి దొంగతనం కింద లెక్క. తెలిసీ చెప్పని అధికారికి కూడా శిక్షే. నన్ను ఆ శిక్షలోంచి తప్పించడానికి ఊరు ఊరంతా ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకుంది. ఈ ఊళ్ళో ఒక రహస్యం గంటసేపు దాగడం నేనెప్పుడూ చూడలేదు.

నిజానికి ఒక్క చుక్క నీరు కూడా పోలేదు. తోటకి దాని ఆవిరి పట్టే యంత్రం దానికుంది. పోయిన నెల తోట నుంచి ఎక్కువ నీళ్ళు వచ్చాయని కమిటీ నన్ను సభలో మెచ్చుకుంది. నేను లేచి నిలబడి నమస్కారం కూడా పెట్టాను. ఆ నీళ్ళు ఊరివాళ్ళ లుంగీలవని ఇవాళ తెలిసింది.

కానీ రూలు రూలే. ఈ సంగతి బయటపడితే తాళంచెవి ఉన్న మనిషిని మంచు గని వంటింటికి పంపేస్తారు. అక్కడ బల్బులు కూడా సరిగ్గా వెలగవు. పోలమ్మ పిన్ని అక్కడ ఒక్క ఏడాది కూడా బతకదు. ఈ సంగతి దాస్తేనేమో, తెలుపుకి కారణం చూపలేను. కారణం చూపకపోతే తెగులంటారు, చెట్లు పోతాయి. చాలాసేపు బుట్ట మీద కూర్చుని ఆలోచించాను. పిన్ని కూడా నా ఎదురుగా కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నాకూ తిరిగాయి.

"నా మీద ఏసేయమ్మా. సెట్లు బతుకుతాయి."

"నోరు ముయ్యి పిన్నీ. అందరి బట్టలూ తీయించు. ఒక్క దండెం ఉంచు. నా చీర ఒకటి ఆరేస్తాను. ఆరేసుకున్నది నేనే అంటాను. ఇన్నేళ్ళుగా పని చేస్తున్నదాన్ని, మహా అయితే మందలిస్తారు."

మందలించి వదిలేస్తారని నాకూ నమ్మకం లేదు. డాక్టరు వెళ్ళేదాకా ఈ నమోదు రంగనాయకులు గారి కంట పడనివ్వను. రేపటి నమోదు ఎవరు రాస్తారో చూడాలి.

నమోదు 220, బుధవారం

నేనే రాస్తున్నాను.

డాక్టరు పేరు తుషార. పాతికేళ్ళుంటాయేమో. పెద్ద కేంద్రంలోనే పుట్టి పెరిగిన పిల్ల, భూమిని కిటికీలోంచి తప్ప చూడలేదట. నవ్వదు. వెంట రంగనాయకులు గారు. వాళ్ళ వెనక, పిలవకపోయినా, పోలమ్మ పిన్నీ జట్టు.

తుషార ఆకులు తుంపింది, పరీక్ష పెట్టెలో పెట్టింది, దాని తెర చూసింది. "తెగులు కాదు" అంది. "ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ లేదు. చలి తగిలింది. ఈ గదిలో చలి ఎక్కడిది?"

"నాదండీ" అన్నాను. "ఆ దండెం నాది. నా చీర ఇక్కడ ఆరేసుకుంటాను. తడిబట్ట, పైన ఫ్యాను, కింద చిగుళ్ళు. తప్పయిపోయింది."

"మిమ్మల్ని చీరలో నేనెప్పుడూ చూడలేదే?" అన్నారు రంగనాయకులు గారు. ఈయనకి లేనిపోని చోట చూపు పదును.

"లోపల కట్టుకుంటాను" అన్నాను. నోటికి అదే వచ్చింది మరి.

"ఒక్క చీరతో రెండు వరుసలు తెల్లబడవు" అంటూ తుషార నాలుగో వరుస చివరిదాకా నడిచింది. స్తంభం వెనక్కి వంగి చూసింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అక్కడ ఒక పంచె వేలాడుతోంది. నిన్న హడావుడిలో ఎవరూ తీయలేదు. సన్న జరీ అంచు.

"ఇదీ మీదేనా?"

"నాదే. అది... దుప్పటి."

పోలమ్మ పిన్ని బొడ్లోంచి తాళంచెవి తీసి ముందుకొచ్చింది. "ఈయమ్మకేటీ తెల్దు. తాళం తీసింది నాను. ఊరందరి గుడ్డలూ ఆరేసింది నాను." ఆమె వెనక జట్టంతా నాదీ ఉంది, నాదీ ఉంది అని మొదలుపెట్టారు. నేనేమో అందరినీ నోరు మూసుకోమని అరుస్తున్నాను.

రంగనాయకులు గారు గొంతు సవరించుకున్నారు.

"ఆ పంచె నాదమ్మా" అన్నారు తుషారతో. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ మూల నాకిమ్మని పోలమ్మని నేనే అడిగాను. దీనివల్లే ఆకు తెల్లబడుతోందని తెలియలేదు. తెలిస్తే డాక్టరుని పిలిచే పని ఉండేది కాదు."

తుషార అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆమెకి కోపం రాలేదు. అర్థం కాలేదు, అంతే.

"ప్రతి వరండాలో డ్రయ్యర్ ఉంది కదండీ. శిక్ష పడుతుందని తెలిసి కూడా, ఇంతమంది... ఎందుకు?"

"ఎండ వాసన కోసం" అన్నారు రంగనాయకులు గారు.

"ఎండకి వాసనేంటండీ?"

మేమంతా ఒక్కసారి నవ్వాం. నవ్వి, చెప్పబోయి ఆగిపోయాం. రంగనాయకులు గారు చెయ్యి గాల్లో తిప్పారు. నేను మొక్కల శాస్త్రం చదివినదాన్ని, ఒక్క మాట దొరకలేదు. వేడిగా ఉంటుందన్నాను. వేడి వాసన కాదు కదా అంది. ఆ పిల్ల వెక్కిరించడం లేదు, నిజంగానే అడుగుతోంది. దానికి జవాబు మా దగ్గర లేకపోయేసరికి నాకు ఎంత దిగులేసిందో ఇక్కడ రాయలేను.

పోలమ్మ పిన్ని స్తంభం దగ్గరికి వెళ్ళి, నిన్నటి నుంచి ఎండలో ఉన్న ఆ పంచె లాగి, మడతలు పెట్టి, పిల్ల చేతుల్లో పెట్టింది. "మొకానికి పెట్టుకోయే బాబూ."

తుషార ఒకసారి రంగనాయకులు గారి వంక చూసింది. ఆయన తల ఊపారు. పంచె మొహానికి ఆనించుకుంది. తియ్యలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఎంతసేపటికీ తియ్యలేదు.

తీశాక కళ్ళు తుడుచుకుంది. పెట్టె తెర మీద చెట్లు ఆరోగ్యం, పీకనక్కర్లేదు అని రాసి, నాకు చూపించి మూసేసింది. దండెం మాట అందులో లేదు, చెట్ల పైన మాత్రం కట్టొద్దని నోటితోనే చెప్పింది. పెట్టె సర్దుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"నా దగ్గర ఒక కుర్తా ఉంది" అంది మెల్లగా. "ఇప్పుడు తడిపి తెస్తే, రేపు షటిల్ బయల్దేరే లోపు ఆరుతుందా?"

పోలమ్మ పిన్ని తల ఎత్తి గాజు కప్పు కేసి చూసింది.

"ఆరకేటమ్మా, ఎండ బాగా కాత్తంది."